సదరం కేంపుకి రెండోసారి

ఫారంలో కాలుకి గడి ఉంది, చేతికి ఉంది,
కన్నుకి, చెవికి, బుద్ధికి కూడా ఉంది.
పడిపోడానికి లేదు.

మా ఒదిన తవిటమ్మకి కాలు విరగలేదు.
చెయ్యి లొంగుతుంది. కన్ను, ఆపరేషనయ్యాక,
బియ్యంలో రాయిని ఏరుతుంది.
ఊరికే పడిపోతుంది, అంతే.
గుమ్మం దగ్గర, గోలెం దగ్గర,
ఒకసారి ఏమీ లేని చోట, ఉత్త నేల మీద.

మొదటిసారి, పలాస నుంచి టెక్కలి ఆసుపత్రికి
తెల్లారగట్ల ఆటో కట్టించుకుని వెళ్ళాం.
జీడిపిక్కల బట్టీకి నాగా పెట్టాను.
నూట పదకొండో టోకెను.
"నడు మామ్మా" అన్నాడు డాక్టరు.
నడిచింది!
పెట్టె అడుగున దాచిన వంగపండు రంగు చీర కట్టి,
కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి,
గోడ నుంచి గోడకి
పేరంటానికి పిలుపొచ్చిన మనిషిలా నడిచింది.
వెనక్కి తిరిగి నాకేసి చూసింది కూడా,
ఎలగుంది అన్నట్టు.

ముప్పై రెండు శాతం.
నలభై ఉంటేనే పింఛను.
ఆ ఎనిమిదీ ఆవిడ కుచ్చిళ్ళలోనే ఎక్కడో ఉండిపోయింది.

దారంతా నేను మాట్లాడలేదు.
ఆటో దిగేటప్పుడు నా భుజం పట్టుకోబోయి, మానుకుని,
కడ్డీ పట్టుకుంది.
"పరాయి మగోడు సూత్తంటే
కుంటమంటావేటే" అంది.

సచివాలయంలో కూర్చునే పిల్ల, కూర్మావతి, మంచిది.
"పడినప్పుడల్లా రాసిపెట్టు పిన్నీ.
అక్కడ మంచి రోజు చూపించకూడదు,
చెడ్డ రోజు చెప్పాలి" అంది.
కేలెండరు మీద రాశాను, పాల లెక్క రాసే చోటే.

మంగళవారం, పెరటి గట్టు, మోచెయ్యి.
శుక్రవారం, మంచం దిగుతూ. దెబ్బ లేదు.
శుక్రవారమే సాయంత్రం, కోడిపెట్టని తప్పించబోయి.
కోడి బాగానే ఉంది.
పదకొండో తేదీ ఏమీ లేదు.
పన్నెండు, ఏమీ లేదంది. చీరకి మట్టుంది.

నెలకి తొమ్మిది.
చదివి వినిపిస్తే
"నా మీద సాడీలు రాత్తన్నావు" అని
రెండు పూటలు నా చేతి అన్నం ముట్టలేదు.

రెండోసారి వేరే డాక్టరు. ఆడపిల్ల,
మా బట్టీలో చేరే గుంటలంత వయసు.
కేలెండరు కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు?" అంది.
రెండుసార్లని చెబుదామని నేను నోరు తెరిచాను.
ఒదిన, నేలకేసి చూస్తూ:

"లెగను తల్లీ.
పొద్దుగూకినకాడ్నించి నీల్లు తాగను.
లెగితే పడతాను. పడితే ఇది లెగాల.
పొద్దున్నే బట్టీకి పోవాల ఇది."

డాక్టరు పెన్ను ఆగింది.
"ఉద్దానంలో ఉండి నీళ్ళు మానేశారా" అంది,
తిట్టినట్టూ కాదు, అడిగినట్టూ కాదు.

ఎండాకాలమంతా
ఆ మంచం పక్కన చెంబు పెట్టింది నేనే.
తెల్లారి నిండుగా ఉన్న చెంబుని
వంగమొక్క మొదట్లో పోసింది నేనే.
ముసలి ప్రాణానికి దాహం తక్కువనుకుంది నేనే,
ఒకే గదిలో, మూడు మూరల దూరంలో పడుకుని.
ఆ రాత్రులకి ఎదురుగా
'ఏమీ లేదు' అని రాసింది ఎవరు మరి?

డాక్టరు చాలాసేపు రాసింది.
ఎంత శాతమో తెలీదు. కాయితం తరవాత వస్తుందట.

బయట కొట్లో నీళ్ళ సీసా కొన్నాను.
"ఇంకా పొద్దుగూకలేదు, తాగు" అన్నాను.
సగం తాగి, మూత బిగించి ఒళ్ళో పెట్టుకుంది.
కాశీబుగ్గ వచ్చేదాకా ఇద్దరం
రోడ్డు పక్కన జీడితోటలు చూస్తూ కూర్చున్నాం,
ఎప్పుడూ చూడనట్టు.

రాత్రి ఆ మూత నాకు రాలేదు.
జీడి కాల్చిన వేళ్ళు, జారిపోతున్నాయి.
"ఇలా తే" అని ఆవిడే తీసింది.
తాగింది, గుటక గుటకా నాకు వినబడేట్టు.
నేను ఒక కాలు మంచం కిందికి వేసి పడుకున్నాను.